గిట్‌తో సొంత సర్వర్‌పై స్టాటిక్ బ్లాగు: ఖాళీ ఫోల్డర్ నుంచి పుష్ దాకా

స్టాటిక్ బ్లాగు (ముందే తయారుచేసి ఉంచిన హెచ్‌టీఎంఎల్ పేజీల బ్లాగు) గురించి వచ్చే ప్రశ్నల్లో చాలా వరకు ఒకే చోట చిక్కుకుంటాయి. టపా రాశాం, మన కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తోంది, దాన్ని సొంత సర్వర్‌పైకి పద్ధతిగా చేర్చేదెలా? ఫైళ్లను చేత్తో పంపుతూ పోతే కొన్నాళ్లకు ఏ ప్రతి కొత్తదో, ఏది పాతదో తెలియకుండా పోతుంది. ఇక్కడ ఆ పని గిట్‌కు (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనానికి) అప్పగిస్తాం. మీరు పుష్ చేస్తారు (అంటే మార్పులను గిట్‌తో సర్వర్‌కు పంపుతారు), సర్వర్ తానే సైటును తయారుచేసి పాఠకుల ముందు పెడుతుంది.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోండి: సర్వర్‌పై ఉన్నదేదీ అసలు ప్రతి కాదు. అసలు ప్రతి రెపోలోనే (గిట్ చరిత్ర ఉండే ఫోల్డర్‌లోనే) ఉంటుంది. సర్వర్‌పై ఉన్న హెచ్‌టీఎంఎల్ మొత్తం చెరిపేసినా ఒక్క పుష్‌తో తిరిగి రావాలి. కింది దశలన్నీ ఈ నియమాన్ని కాపాడేందుకే.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. చుక్కలు, గీతలు, స్లాష్‌లు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే.

## 1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- లినక్స్ నడిచే సర్వర్ ఒకటి. అద్దె వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) అయినా, ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటర్ అయినా సరే. స్టాటిక్ ఫైళ్లు వడ్డించడానికి 1 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది.
- మీ పేరు మీద ఒక డొమైన్, దాని డీఎన్ఎస్ (పేరును సర్వర్ చిరునామాకు కలిపే పట్టిక) మార్చే అధికారం.
- మీ కంప్యూటర్‌లోనూ సర్వర్‌లోనూ గిట్.
- రెండు చోట్లా ఒకే వెర్షన్ హ్యూగో (టపాల నుంచి సైటు పేజీలు తయారుచేసే ప్రోగ్రామ్).
- ఒక సాదా టెక్స్ట్ ఎడిటర్.

స్టాటిక్ సైట్ జనరేటర్లు చాలా ఉన్నాయి. జెకిల్, ఎలెవెంటీ, పెలికన్ దేనితోనైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. నేను హ్యూగోను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: అది ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఫైలు. సర్వర్‌పై దానికోసం రూబీనో నోడ్‌నో పెంచి పోషించనక్కర్లేదు.

హ్యూగోను స్నాప్ ప్యాకేజీగా వేసుకోకండి. అది కఠినమైన కట్టడిలో నడుస్తుంది కాబట్టి హోమ్ ఫోల్డర్ బయట ఉన్న సైటును ముట్టుకోలేదు. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చే ప్యాకేజీ పాతదై ఉండవచ్చు. హ్యూగో ప్రాజెక్టు విడుదల చేసే ప్యాకేజీని నేరుగా తెచ్చుకోవడమే మేలు.

ఇంటి కనెక్షన్‌పై పెట్టేవారు ఒకటి ముందే చూసుకోవాలి. మీ రౌటర్‌లో కనిపించే బయటి ఐపీ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేదైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి చిరునామాను చాలామందికి పంచే ఏర్పాటు) వెనుక ఉన్నట్టే. అప్పుడు రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా బయటివారు మీ దాకా రాలేరు. ఆ స్థితిలో వీపీఎస్ తీసుకోవడమే తలనొప్పి తక్కువ దారి.

## 2. సర్వర్‌లోకి దారి, దానికి కాపలా

మీ కంప్యూటర్‌లో ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519’ నడిపి ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కోసం కీ జత తయారుచేసుకోండి. ‘.పబ్’తో ముగిసే ఫైలు ఒక్కటే సర్వర్‌కు వెళ్లాలి. రెండోది మీ కంప్యూటర్ దాటి బయటికి పోకూడదు.

సర్వర్‌పై బ్లాగు కోసమే ‘బ్లాగర్’ పేరుతో ప్రత్యేక ఖాతా తెరవండి. దానికి సుడో (నిర్వాహకుడి) అధికారం ఇవ్వవద్దు. ఆ ఖాతా హోమ్‌లో ‘.ఎస్ఎస్‌హెచ్’ ఫోల్డర్‌కు 700, అందులోని ‘ఆథరైజ్డ్_కీస్’ ఫైలుకు 600 అనుమతులు పెట్టండి. ఇవి వదులుగా ఉంటే సర్వర్ మీ కీని ఖాతరు చేయదు. కారణం కూడా చెప్పకుండా పాస్‌వర్డ్ అడుగుతుంది.

కీతో లాగిన్ కుదిరాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. ఆపి, ఎస్ఎస్‌హెచ్ సర్వీసును రీలోడ్ చేశాక ఉన్న టెర్మినల్ మూయకండి. రెండో టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది కుదిరిన తర్వాతే మొదటిది మూయాలి. ఫైర్‌వాల్ విషయంలోనూ వరుస ముఖ్యం: ముందు 22, 80, 443 పోర్టులకు అనుమతి, ఆ తర్వాతే ఫైర్‌వాల్ ఆన్. వరుస తారుమారైతే మీ సర్వర్ మిమ్మల్నే బయట నిలబెడుతుంది.

## 3. సైటును మీ కంప్యూటర్‌లో నిలబెట్టడం

‘హ్యూగో న్యూ సైట్ బ్లాగ్’ అంటే ఖాళీ సైటు తయారవుతుంది. థీమ్‌ను ‘థీమ్స్’ ఫోల్డర్‌లో పెట్టి, ‘హ్యూగో.టామ్ల్’ ఫైలులో దాని పేరు రాయండి. పాత థీమ్‌ల సూచనల్లో ఈ ఫైలు ‘కాన్ఫిగ్.టామ్ల్’ అని కనిపిస్తుంది. పని రెండిటిదీ ఒకటే.

థీమ్‌ను గిట్ సబ్‌మాడ్యూల్‌గా (వేరే రెపోకు లింకుగా) చేర్చమని చాలాచోట్ల చెబుతారు. ఒక్కరే రాసుకునే బ్లాగుకు నేను ఆ సలహా ఇవ్వను. థీమ్ ఫైళ్లను నేరుగా మీ రెపోలోకి కాపీ చేసుకోండి. కాపీ చేశాక ఆ థీమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ‘.గిట్’ ఫోల్డర్‌ను తప్పనిసరిగా తీసేయండి. అది మిగిలిపోతే గిట్ థీమ్ లోపలి ఫైళ్లను దాచుకోదు, ఒక గుర్తు మాత్రమే రాసుకుంటుంది. సర్వర్‌కు చేరేది ఖాళీ ఫోల్డర్.

ఆకృతీకరణలో మూడు చోట్ల శ్రద్ధ పెట్టండి:

- బేస్‌యూఆర్ఎల్: హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై, మీ డొమైన్ వచ్చి, చివర స్లాష్‌తో ముగియాలి.
- లాంగ్వేజ్‌కోడ్: తెలుగులో రాస్తుంటే ‘టీఈ’. స్క్రీన్ రీడర్లకు, సెర్చ్ ఇంజన్లకు పేజీ భాష తెలిసేది దీనివల్లే.
- టైమ్‌జోన్: మీ కాలమానం పేరు. దీన్ని వదిలేస్తే ఏమవుతుందో 8వ భాగంలో చూద్దాం.

‘హ్యూగో న్యూ కంటెంట్ పోస్ట్స్/మొదటి-టపా.ఎండీ’తో టపా తెరవండి. ఫైలు పేరును మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టమంటాను. తెలుగు అక్షరం ఒక్కోటి, గుణింతపు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. లింకును కాపీ చేసి అతికిస్తే అదే తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. నాలుగు మాటల శీర్షిక రెండు వరుసల గందరగోళంగా మారుతుంది. శీర్షికను టపా లోపల తెలుగులోనే ఉంచుకోండి, అక్కడ ఇబ్బందేమీ లేదు. తెలుగు ఫైలు పేర్లే కావాలనుకుంటే ‘గిట్ కాన్ఫిగ్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్’ పెట్టుకోండి, లేదంటే ‘గిట్ స్టేటస్’లో పేర్ల బదులు అంకెల వరుసలు కనిపిస్తాయి.

‘హ్యూగో సర్వర్ -డి’ నడిపి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 1313 పోర్టు తెరిచి చూడండి. ఇక్కడ డి పెద్ద అక్షరం. చిన్న అక్షరమైతే అర్థమే మారిపోతుంది.

## 4. రెపోలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు

‘గిట్ ఇనిట్ -బి మెయిన్’తో రెపో మొదలుపెట్టండి. మొదటి కమిట్‌కు (మార్పులను చరిత్రలో నమోదు చేయడానికి) ముందే ‘.గిట్‌ఇగ్నోర్’ రాయాలి. అందులో మూడు వరుసలు చాలు: ‘పబ్లిక్/’, ‘రిసోర్సెస్/_జెన్/’, ‘.హ్యూగో_బిల్డ్.లాక్’. తయారైన హెచ్‌టీఎంఎల్‌ను కమిట్ చేయడం మొదలైతే ప్రతి చిన్న దిద్దుబాటుకూ వందల ఫైళ్లు మారినట్టు కనిపించి, చరిత్ర చదవడానికి పనికిరాకుండా పోతుంది.

కమిట్‌కు ముందు చూసుకోవలసినవి:

- పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఏ ఫైలులోనూ లేవు. తర్వాతి కమిట్‌లో తీసేసినా అవి చరిత్రలో ఉండిపోతాయి. పొరపాటున వెళ్లిపోయిన టోకెన్‌ను చెరపడం కన్నా రద్దు చేసి కొత్తది తీసుకోవడమే సరైన పని.
- ఫోటోలు కుదించి ఉన్నాయి. పొడవైన వైపు 1600 పిక్సెళ్లు దాటనక్కర్లేదు. గిట్ ప్రతి ఫోటో ప్రతి వెర్షన్‌నూ దాచుకుంటుంది, కాబట్టి కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టే వేస్తే రెపో ఉబ్బిపోయి మళ్లీ తగ్గదు.
- చిత్తుప్రతులకు వేరే బ్రాంచ్ (చరిత్రలో విడి శాఖ) ఉంది. ప్రచురణకు వెళ్లేది మెయిన్ బ్రాంచ్ ఒక్కటే.

## 5. సర్వర్‌పై బేర్ రెపో

సర్వర్‌పై ‘/ఎస్ఆర్‌వి/బ్లాగ్’ ఫోల్డర్ తయారుచేసి, దాన్ని బ్లాగర్ ఖాతా సొంతం చేయండి. లోపల ఈ మూడూ ఉంటాయి:

- ‘రెపో.గిట్’: పుష్ వచ్చి చేరే బేర్ రెపో
- ‘రిలీజెస్’: ప్రతి పుష్‌కూ తయారయ్యే సైటు, ఒక్కో ఫోల్డర్‌లో
- ‘కరెంట్’: ఇప్పుడు పాఠకులు చూస్తున్న విడుదలను చూపే సింలింక్. ఇది మొదటి పుష్‌తో దానంతటదే పుడుతుంది.

బ్లాగర్ ఖాతాలో ఉండగా ‘గిట్ ఇనిట్ --బేర్ -బి మెయిన్ రెపో.గిట్’ నడపండి. సుడోతో నడిపితే ఫోల్డర్ రూట్ సొంతమై, తర్వాత గిట్ యజమాని విషయంలో అనుమానం ఉందంటూ పని ఆపేస్తుంది. బేర్ రెపోలో పని చేసుకునే ఫైళ్లు ఉండవు, చరిత్ర మాత్రమే ఉంటుంది. మామూలు రెపోలో తెరిచి ఉన్న బ్రాంచ్‌కు పుష్ చేయబోతే గిట్ ఒప్పుకోదు. అందుకే ఈ రకం.

మీ కంప్యూటర్‌లో ‘గిట్ రిమోట్ యాడ్ సర్వర్’ అని రాసి, దాని తర్వాత బ్లాగర్ ఖాతా, సర్వర్ చిరునామా, కోలన్, రెపో దారి ఇవ్వండి. ఇప్పుడే పుష్ చేయకండి. హుక్ (పుష్ రాగానే సర్వర్‌పై దానంతటదే నడిచే స్క్రిప్టు) ఇంకా లేదు.

## 6. హుక్: అసలు పని జరిగే చోటు

‘రెపో.గిట్’ లోపలి ‘హుక్స్’ ఫోల్డర్‌లో ‘పోస్ట్-రిసీవ్’ పేరుతో, ఎక్స్‌టెన్షన్ లేకుండా, ఒక బాష్ స్క్రిప్టు రాయాలి. అది చేయవలసిన పని ఈ వరుసలో:

1. మొదటి వరుసలో బాష్ దారి. రెండో వరుసలో ‘సెట్ -ఈయూఓ పైప్‌ఫెయిల్’. ఏ దశలో తప్పు దొర్లినా స్క్రిప్టు అక్కడే ఆగిపోవడానికి ఇది.
2. గిట్ ఒక్కో బ్రాంచ్‌కు ఒక వరుస చొప్పున మూడు విషయాలు అందిస్తుంది: పాత కమిట్, కొత్త కమిట్, రిఫరెన్స్ పేరు. వాటిని లూప్‌లో చదివి, పేరు ‘రెఫ్స్/హెడ్స్/మెయిన్’ కాకపోతే వదిలేయాలి.
3. ‘ఎమ్‌కేటెంప్ -డి’తో తాత్కాలిక ఫోల్డర్ తెరిచి, ‘గిట్ ఆర్కైవ్’తో కొత్త కమిట్‌లోని ఫైళ్లను టార్ ద్వారా అందులో పరచాలి.
4. ‘రిలీజెస్’లో తేదీ, సమయం, కమిట్ సంఖ్యలోని మొదటి ఏడు అక్షరాలు కలిసిన పేరుతో కొత్త గమ్యాన్ని నిర్ణయించి, హ్యూగోను ‘--సోర్స్’, ‘--డెస్టినేషన్’, ‘--మినిఫై’తో నడపాలి.
5. గమ్యంలో ‘ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్’ ఉందో లేదో, ఖాళీగా లేదో చూడాలి. లేకపోతే ఆగిపోవాలి.
6. కొత్త విడుదలకు ‘కరెంట్.కొత్త’లాంటి తాత్కాలిక పేరుతో సింలింక్ చేసి, ‘ఎంవీ -టి’తో దాన్ని ‘కరెంట్’ స్థానంలోకి మార్చాలి. ఇక్కడ కూడా టి పెద్ద అక్షరమే.
7. తాత్కాలిక ఫోల్డర్‌ను తీసేసి, చివరి ఐదు విడుదలలు ఉంచి మిగతావి చెరిపేయాలి.

మూడు నుంచి ఆరు దాకా ఉన్న దశలను కుదించి, హ్యూగోను నేరుగా ప్రచురణ ఫోల్డర్‌లోకే రాయనిచ్చే స్క్రిప్టులు చాలా కనిపిస్తాయి. వాటికి రెండు లోపాలున్నాయి. తయారీ మధ్యలో వచ్చిన పాఠకుడికి సగం కొత్త, సగం పాత సైటు కనిపిస్తుంది. ఇంకోటి అంతకన్నా మొండిది: మీరు తొలగించిన టపా తాలూకు పాత పేజీ ఆ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది, లింకు తెలిసినవారికి తెరుచుకుంటూనే ఉంటుంది. ప్రతిసారీ కొత్త ఫోల్డర్‌లో తయారుచేసి లింకు మార్చేస్తే ఈ రెండూ ఉండవు. సింలింక్ మార్పిడి ఒక్క అడుగులో జరిగిపోతుంది, మధ్య స్థితి అంటూ ఏదీ లేదు.

ఐదో దశ చిన్నదే కానీ వదలవద్దు. థీమ్ లేకపోయినా హ్యూగో కొన్నిసార్లు హెచ్చరికలతో సరిపెట్టి, విజయవంతంగా ముగిసినట్టే చెబుతుంది. ఆ తనిఖీ లేకపోతే ఖాళీ సైటు పాఠకులకు చేరుతుంది.

హ్యూగోకు పూర్తి దారి ఇవ్వండి. పుష్ ద్వారా నడిచే హుక్‌కు మీ లాగిన్ షెల్‌లో ఉండే పాత్ అంతా అందదు. మీరు లాగిన్ అయి నడిపితే పనిచేసిన స్క్రిప్టు పుష్‌లో ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అనడానికి సాధారణంగా ఇదే కారణం.

రాశాక ‘సీహెచ్‌మాడ్ +ఎక్స్’ మరచిపోకండి. ఆ అనుమతి లేని హుక్‌ను గిట్ నడపదు.

ఒక మినహాయింపు. టపా చివర ‘చివరి మార్పు’ తేదీని గిట్ చరిత్ర నుంచి తీసుకునే సదుపాయం వాడుకుంటే ఆర్కైవ్ పనికిరాదు, అందులో చరిత్ర ఉండదు కాబట్టి. అప్పుడు మూడో దశలో రెపోను క్లోన్ చేయాలి. దానికి ముందు ‘అన్‌సెట్ గిట్_డిర్’ అవసరం, ఇక్కడ గిట్_డిర్ మొత్తం పెద్ద అక్షరాలు. హుక్ నడిచేటప్పుడు గిట్ ఆ వేరియబుల్‌ను బేర్ రెపో వైపు తిప్పి ఉంచుతుంది, తీసేయకపోతే కమాండ్లు తప్పు రెపోపై నడుస్తాయి.

## 7. డొమైన్, వెబ్ సర్వర్, మొదటి పుష్

డీఎన్ఎస్‌లో ‘ఎ’ రికార్డును సర్వర్ ఐపీ చిరునామాకు చూపండి. పాత ‘ఎఎఎఎ’ రికార్డు మిగిలి ఉంటే, సర్వర్‌కు ఐపీవీ6 లేకపోతే, దాన్ని తీసేయండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తనిఖీ ముందు ఐపీవీ6 చిరునామానే ప్రయత్నిస్తుంది.

వెబ్ సర్వర్‌గా క్యాడీ వాడండి. ఎన్‌జింక్స్ వచ్చినవారు దాన్నే వాడుకోవచ్చు, కానీ సర్టిఫికెట్ తీసుకోవడం, గడువు దాటకముందే కొత్తది తెచ్చుకోవడం క్యాడీలో విడిగా చేయవలసిన పనులు కావు. ‘క్యాడీఫైల్’లో మీ డొమైన్ పేరు, మీసాల బ్రాకెట్లలో రెండు వరుసలు చాలు: ‘రూట్ * /ఎస్ఆర్‌వి/బ్లాగ్/కరెంట్’, ‘ఫైల్_సర్వర్’. ‘క్యాడీ వ్యాలిడేట్’తో సరిచూసి, తర్వాతే సర్వీసును రీలోడ్ చేయండి.

డీఎన్ఎస్ మార్పు అందరికీ చేరకముందే పదేపదే రీలోడ్ చేయడం వద్దు. ఒకే పేరుకు గంటలో ఐదు తనిఖీలు విఫలమైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు తలుపు మూసేస్తుంది.

ఇప్పుడు ‘గిట్ పుష్ సర్వర్ మెయిన్’. ‘రిమోట్:’ అని మొదలయ్యే వరుసల్లో హ్యూగో మాటలు కనిపించాలి. వాటిని చదవండి. పోస్ట్-రిసీవ్ హుక్ విఫలమైనా పుష్ మాత్రం విజయవంతమైనట్టే ముగుస్తుంది, ఎందుకంటే అది నడిచేసరికే కమిట్లు చేరిపోయి ఉంటాయి.

## 8. తరచూ ఎదురయ్యే చిక్కులు

టపా కనిపించడం లేదు. మొదట ‘డ్రాఫ్ట్’ ట్రూగా ఉందేమో చూడండి; హ్యూగో కొత్త టపాలను మామూలుగా చిత్తుప్రతిగానే తెరుస్తుంది. అది కాకపోతే తేదీ. భవిష్యత్తు తేదీ ఉన్న టపాను హ్యూగో చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. కాలమానం రాయని సమయాన్ని అది యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) తీసుకుంటుంది కాబట్టి, యూటీసీ కన్నా ముందుండే ప్రాంతంలో ఇప్పుడే రాసిన టపా కూడా దానికి ఇంకా రాని కాలమే. 3వ భాగంలో టైమ్‌జోన్ పెట్టమన్నది ఇందుకే.

అక్షరాలే ఉన్నాయి, రంగులూ అమరికా లేవు. బేస్‌యూఆర్ఎల్ తప్పు. హ్యూగో సర్వర్ దాని స్థానంలో లోకల్‌హోస్ట్ పెట్టుకుంటుంది, అందుకే మీ కంప్యూటర్‌లో ఈ తప్పు బయటపడదు.

403 వస్తోంది. క్యాడీ తన సొంత ఖాతాలో నడుస్తుంది. సైటు దాకా ఉన్న ప్రతి ఫోల్డర్‌లోకీ ఆ ఖాతా ప్రవేశించగలగాలి: ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644. సైటును హోమ్ ఫోల్డర్‌లో పెట్టినవారికి ఇది ఎక్కువ. కొత్త ఉబుంటులో హోమ్ ఫోల్డర్‌కు 750 అనుమతే ఉంటుంది. ఎమ్‌కేటెంప్ ఫోల్డర్‌కు 700 ఉంటుంది కనుక తయారైన సైటును అక్కడి నుంచి జరిపినా ఇదే ఫలితం. 777 పెట్టి చేతులు దులుపుకోకండి. ‘నేమ్‌ఐ -ఎల్’తో దారి మొత్తం చూస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

హుక్ ఫైలు ఉన్నా లేదంటోంది. విండోస్‌లో రాసి పంపి ఉంటారు. వరుసల చివర అదనపు గుర్తు చేరి బాష్ దారి పాడైంది. ఎడిటర్‌లో వరుస ముగింపును ‘ఎల్ఎఫ్’కు మార్చి మళ్లీ పంపండి.

పుష్ అయింది, హుక్ ఏమీ చేయలేదు. మీ బ్రాంచ్ పేరు ‘మాస్టర్’ అయి ఉండవచ్చు. ‘గిట్ బ్రాంచ్ -ఎమ్ మెయిన్’తో మార్చుకుని మళ్లీ పుష్ చేయండి.

కంప్యూటర్‌లో సరే, సర్వర్‌లో టెంప్లేట్ తప్పులు. రెండు చోట్లా ‘హ్యూగో వెర్షన్’ నడిపి పోల్చండి. థీమ్ సాస్ (పేజీల రూపం రాసే భాష) వాడుతుంటే ఎక్స్‌టెండెడ్ రకం రెండు చోట్లా ఉండాలి.

## 9. వెనక్కి తిప్పడం

తప్పు టపా బయటికి వెళ్లిపోతే ‘కరెంట్’ లింకును ముందటి విడుదలకు చూపండి. సైటు క్షణంలో పాత స్థితికి వస్తుంది. అయితే తప్పు కమిట్ ఇంకా మెయిన్‌లోనే ఉంది, తర్వాతి పుష్‌తో మళ్లీ ప్రచురణలోకి వస్తుంది. కాబట్టి వెంటనే ‘గిట్ రివర్ట్’ చేసి పుష్ చేయాలి. తొందరలో బలవంతపు పుష్‌కు దిగకండి. చరిత్రను చెరిపేస్తే ఏం జరిగిందో తర్వాత మీకే తెలియదు.

## 10. సర్వర్ పోతే తిరిగి రావడం

హుక్‌లు క్లోన్‌లో రావు. క్యాడీఫైల్ కూడా రెపో బయటే ఉంది. ఈ రెండింటి ప్రతులను రెపోలో ‘సర్వర్’ అనే ఫోల్డర్‌లో దాచండి, మార్చినప్పుడల్లా అక్కడా మార్చండి. బేర్ రెపో, మీ కంప్యూటర్ కాక మూడో చోట కూడా ఒక రిమోట్ పెట్టుకుని వారానికోసారైనా పుష్ చేయండి.

ఆపైన ఒక పరీక్ష. ఆ మూడో రిమోట్ నుంచి ఖాళీ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, హ్యూగో నడిపి, వచ్చిన సైటును అసలు దానితో పోల్చండి:

- టపాల సంఖ్య సరిపోయింది
- ఫోటోలన్నీ తెరుచుకుంటున్నాయి
- ఆర్ఎస్ఎస్ ఫైలు ‘ఇండెక్స్.ఎక్స్ఎంఎల్’ తయారైంది
- థీమ్ ఫోల్డర్ ఖాళీగా లేదు
- హుక్, క్యాడీఫైల్ ప్రతులు సర్వర్‌పై ఉన్నవాటితో ‘డిఫ్’లో తేడా లేకుండా ఉన్నాయి

ఏదైనా తగ్గితే అది ఇంకా రెపోలోకి చేరలేదన్నమాట. చేర్చి, కమిట్ చేసి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.